నేల ఊడ్వని చీపురు

గల్ఫ్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ గదిలో ఆరుగురికి ఆరు మంచాలున్నాయి. బీరువా మీది చోటు మాత్రం ఒక చీపురుది. దాన్ని పొడుగాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతికి రబ్బరు బ్యాండు వేసి, చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు లోపల పడేసి, ఓబులేసు నెల రోజులుగా కాపాడుకొస్తున్నాడు. ఎవరైనా తీయబోతే ఊరుకోడు. గదిలో వంట చేసే గంగాధర ఒకసారి కింద పడిన బియ్యం చిమ్మడానికి దాని మీద చెయ్యి వేస్తే ఇద్దరికీ పెద్ద రగడే అయింది. పొరకకు గూడా ఏసీ గాలి కావాల్నంట అని గంగాధర అప్పట్నుంచీ ఆడిపోసుకుంటూనే ఉన్నాడు. ఇద్దరిదీ రాయచోటి పక్కన పల్లెలే కాబట్టి ఆ ఎగతాళికి ఓబులేసు నొచ్చుకునేవాడు కాదు.

నిజానికి ఆ చీపురు నేల ఊడ్వడానికి కట్టింది కాదు. నిప్పును వెతకడానికి కట్టింది.

ఓబులేసు పనిచేసేది జనరేటర్లు అద్దెకిచ్చే కంపెనీలో. ఈ చలికాలం కంపెనీ ఒక కొత్త యంత్రాన్ని తెప్పించింది. షర్క్‌లో సముద్రం ఒడ్డున పెట్టిన నెలన్నర సంతకు దీపాలన్నీ దానితోనే వెలగాలి. డీజిల్ లేదు, పొగ లేదు, పక్కనున్న మనిషి మాట వినపడనంత రొద లేదు. సిలిండర్లలోంచి హైడ్రోజన్ వాయువు సన్నటి స్టీలు గొట్టాల్లో వచ్చి, తెల్లటి పెట్టెలో పేర్చిన పలకల మధ్య గాలితో కలుస్తుంది. అక్కడ కరెంటు పుడుతుంది, వెనక గొట్టంలోంచి నీటిచుక్కలు రాలతాయి. ఫ్యూయల్ సెల్ అంటే ఇంతేనని బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు చెప్పాడు. చమురు అమ్ముకుని బతికే దేశంలో ఆ నీటిచుక్కల్ని చూడ్డానికి పెద్దపెద్దవాళ్ళు వస్తారని కంపెనీ ఆశ.

ఆ ముసలి ఇంజనీరే ఇంకో మాట కూడా చెప్పాడు. హైడ్రోజన్ ఎక్కడైనా సన్నగా కారి అంటుకుంటే ఆ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. రంగుండదు, పొగ రాదు. చెయ్యి కాలాకే మంట ఉందని తెలుస్తుంది. అందుకే వెనకటి రోజుల్లో ఫ్యాక్టరీల్లో మనుషులు ఎండు చీపురును ముందుకు చాపి నడిచేవారట. చీపురు కొస అంటుకుంటే అక్కడ నిప్పున్నట్టు. ఇప్పుడు వాయువును పసిగట్టే మీటర్లు వచ్చాయిలే అని ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఓబులేసుకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే గల్ఫ్ రోడ్డు పక్కన నరికి పడేసిన ఖర్జూరపు మట్టలు రెండు ఏరుకొచ్చాడు. ఈతాకు పొరకలు కట్టే ఇంట్లో పుట్టినవాడికి ఖర్జూరపాకు కొత్తేమీ కాదు. ఈనెలు చీల్చి, నాలుగు రోజులు మేడ మీద ఎండబెట్టి, మెలిక తిప్పి బిగించి కట్టాడు. రోజూ పొద్దున యంత్రం దగ్గరకు రాగానే దాన్ని చేతికర్రలా ముందుకు పట్టుకుని, సిలిండర్ల వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్కో అతుకు దగ్గర పది లెక్కపెడుతూ నడిచేవాడు. నేలకు తగిలితే ఇసుక పడుతుంది, తేమ పడుతుంది, ఇక అంటుకోదు. అందుకే దానికంత మర్యాద.

ఆ మీటర్లు ఏమయ్యాయంటే, దుమ్ముగాలి వచ్చిన రోజు ఊరికే కూత పెట్టాయి. సంతలో సగం మంది బయటికి పరిగెత్తారు. సైటు మేనేజరు అతీఖ్ వాటి నోరు నొక్కేశాడు. ఇంజనీరు మళ్ళీ వచ్చినప్పుడు బాగుచేస్తాడులే అన్నాడు.

పదకొండేళ్ళుగా ఓబులేసు చేతిలో ఉన్నది స్పానరు. ఇఖామాలో, అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకోనిచ్చే కార్డులో, రాసి ఉన్నది మాత్రం క్లీనరని. కంపెనీకి అప్పుడు మెకానిక్కు కావాలి, చేతిలో ఉన్నవి క్లీనరు వీసాలు. కార్డులో ఒకటి ఉండి చేసేది ఇంకొకటైతే, దొరికినవాణ్ణి విమానం ఎక్కిస్తారు. అందుకని తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడల్లా అతీఖ్ ఒక కేక వేస్తాడు. ఓబులేసు స్పానరు పడేసి పసుపు కోటు తొడుక్కుని ఏ మూలో ఊడుస్తూ నిలబడతాడు. విప్పి పరిచిన ఇంజను సామాన్లు అలాగే ఉంటాయి. చేతుల గ్రీజు చీపురు కట్టకు అంటుతుంది. కొడుకంత వయసున్న తనిఖీ కుర్రాడు బూటు కొసతో ఇక్కడ కూడా అని చూపిస్తే అక్కడా ఊడవాలి. పదకొండేళ్ళలో ఆ సిగ్గు పోలేదు.

ఈ యంత్రంతో ఆ సిగ్గు తీరేలా ఉంది. అతీఖ్ హైదరాబాదువాడు, మాట తీయన. పెద్దవాళ్ళు వచ్చి చూసిపోయే బుధవారం మంచిగా గడిస్తే, గురువారమే ఇఖామాలో వృత్తి మార్చే ఫైలు పెట్టిస్తానన్నాడు. క్లీనరు తీసేసి టెక్నీషియన్. ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే కంపెనీ మనిషిని మందూబ్ అంటారు. ఆయన నీలం రంగు వెనక ఉండేట్టు నాలుగు ఫోటోలు అడిగితే ఓబులేసు ఆ రోజే చొక్కా ఇస్త్రీ చేయించుకుని దిగి ఇచ్చేశాడు. ఇంటర్ చదివే కూతురు చంద్రికకు ఫోన్‌లో చెప్పాడు కూడా. చెప్పకుండా ఉండాల్సింది.

*

మంగళవారం సాయంత్రం అలంకరణ వాళ్ళు వచ్చారు. ఫోటోల్లో సిలిండర్ల వెనక సముద్రం కనపడాలట. ఆరు సిలిండర్లున్న ఇనపచట్రాన్ని నాలుగడుగులు పక్కకు జరపమన్నారు. ఓబులేసు వాల్వులన్నీ మూసి, గొట్టాల్లో మిగిలిన వాయువు వదిలేసి, అతుకులు ఒక్కోటే విప్పాడు. చట్రం జరిపాక మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ఈ అతుకులకు బలం పనికిరాదు. చేత్తో తిప్పి, ఇక తిరగదన్న చోట గీత గీసి, అక్కణ్ణుంచి స్పానరుతో ముప్పాతిక చుట్టు. కాస్త ఎక్కువైతే లోపలి రింగు నలుగుతుంది, తక్కువైతే కారుతుంది. మూడు బిగించేసరికి అటువైపు దుకాణాల్లో ఒక స్విచ్చుబోర్డు పాడైందని అతీఖ్ పిలిచాడు. అతను వెళ్ళి సరిచేసి వచ్చేలోపు మిగతా మూడూ ఇంకెవరో బిగించేశారు. గీతలు లేవు.

అరగంట ఇస్తే సబ్బునీళ్ళు కొట్టి చూస్తానని ఓబులేసు అడిగాడు. అతుకు మీద బుడగ లేస్తే కారుతున్నట్టు, అంత సులువు. అతీఖ్ గడియారం చూపించాడు. ఆరింటికి దీపాలు వెలగాలి, దుకాణాలవాళ్ళు గోల పెడుతున్నారు. రేపు పొద్దున చూద్దువులే అన్నాడు. ఓబులేసు మళ్ళీ అడిగాడు. అతీఖ్ ఈసారి వాల్వు తానే తిప్పాడు.

బుధవారం ఏడింటికల్లా ఓబులేసు వచ్చాడు గానీ, అతీఖ్ గేటు దగ్గరే ఆపేశాడు. పెద్దవాళ్ళతో పాటు కార్మికశాఖ తనిఖీ వాళ్ళు కూడా వచ్చారు, అప్పుడే లోపల తిరుగుతున్నారు. ఇవాళ చేతిలో స్పానరు కనపడకూడదు. సబ్బునీళ్ళ సీసా కూడా వద్దు, క్లీనరు గొట్టాలకు సబ్బునీళ్ళు ఎందుకు కొడుతున్నాడని అడిగితే ఏం చెప్పాలి. పసుపు కోటు చేతికిచ్చి, కనపడకుండా పక్కన ఉండమన్నాడు.

ఓబులేసు కోటు తొడుక్కున్నాడు. సంచి రబ్బరు తీసి తన చీపురు బయటికి తీశాడు. క్లీనరు చేతిలో ఉండదగ్గ పనిముట్టు అదొక్కటే కదా, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. తనిఖీ వాళ్ళు యంత్రం ముందునుంచి కదిలేవరకూ రెండున్నర గంటలు మూలన కాగితాలు ఏరుతూ గడిపి, తొమ్మిదిన్నరకు సిలిండర్ల దగ్గరకు చేరాడు. అప్పటికే బడిపిల్లల్ని తీసుకొచ్చి వాటి ముందు వరసగా నిలబెడుతున్నారు. ఇరవై మంది, చేతుల్లో చిన్న జెండాలు. మైకులో పాట మోగుతోంది. చిన్న శబ్దాలేవీ వినపడే వీల్లేదు.

అతను చీపురు చాపి ఆ కొస నుంచి మొదలుపెట్టాడు. తను బిగించిన మూడు అతుకులూ దాటాడు. నాలుగు దాటాడు. ఐదో అతుకు దగ్గర, లెక్క నాలుగుకు రాకముందే, చీపురు కొస ముడుచుకుంది. ఈనెల చివర్లు ఎర్రబడి బూడిదై రాలాయి. గాలిలో ఏమీ లేదు. ఎండ తప్ప ఏమీ లేదు. వెనక సముద్రం మాత్రం ఆ చోట కొంచెం వణుకుతున్నట్టు కనపడింది. చివర నిలబడ్డ పిల్లవాడి భుజానికీ ఆ చోటికీ మధ్య రెండడుగులుంటాయి.

ఓబులేసు పిల్లలకూ చట్రానికీ మధ్య దూరి, కాలుతున్న చీపురును అడ్డంగా ఊపుతూ వాళ్ళను వెనక్కి తోశాడు. పిల్లల మీద చీపురు ఆడిస్తావా అని టీచరు అరబ్బీలో తిట్టింది, ఒకాయన అతని కోటు పట్టుకుని లాగాడు. విదిలించుకుని చట్రం వెనక్కి వెళ్ళి పెద్ద వాల్వు మూశాడు. తర్వాత ఒక్కో సిలిండరు తలా మూశాడు, ఆరూ. యంత్రం మీది ఎర్ర మీట నొక్కాడు. పాట ఆగిపోయింది, దీపాలు ఆరిపోయాయి. ఎడమ మోచేతి మీద వెంట్రుకలు కాలిన వాసన అప్పుడు తెలిసింది అతనికి. చీపురు మళ్ళీ చాపి ఐదో అతుకు దగ్గర పది లెక్కపెట్టాడు. ఈసారి అంటుకోలేదు. అప్పుడు కూర్చున్నాడు.

ఫైరువాళ్ళు వచ్చి ఐదో అతుకు నల్లబడి ఉండడం చూశారు. వాళ్ళ అధికారి పెద్దమనిషి. ఈ మంటను కనిపెట్టింది ఎవరని అడిగాడు. అందరూ ఓబులేసు వైపు చూశారు. అతను లేచి నిలబడ్డాడు. నోరు తెరిచేలోపే అతీఖ్ చెప్పేశాడు, మా క్లీనరు, ఊడుస్తూ ఉంటే చీపురు అంటుకుంది, అదృష్టం అని. అధికారి ఓబులేసు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. కాలిన చీపురు ఎత్తి పట్టుకోమన్నాడు, ఇద్దరూ కలిసి ఫోటో దిగారు. తనిఖీ అతను కార్డు అడిగి చూసి, ఏదో రాసుకుని, తల ఊపి తిరిగి ఇచ్చేశాడు. తన కార్డు చూసి మెచ్చుకోలుగా తల ఊపిన అధికారి ఇతనొక్కడే. ఓబులేసుకు ఆ క్షణాన నిజంగానే సంతోషమేసింది. మిగతాది అతీఖ్ తర్వాత సరిచేస్తాడనుకున్నాడు.

*

మధ్యాహ్నం అతీఖ్ కంటెయినరు ఆఫీసులోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. ఫైరు ఆఫీసుకు పంపే నివేదిక. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించాడు. మీటర్లన్నీ పనిచేస్తున్నాయి, అతుకులన్నీ అర్హత ఉన్న టెక్నీషియన్లు పరీక్షించారు, ఒక పారిశుద్ధ్య కార్మికుడు ఊడుస్తూ ఉండగా అనుకోకుండా మంటను గమనించాడు. కింద ఓబులేసు సంతకం చేయాలి.

ఓబులేసు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. మీటర్ల సంగతి అడగలేదు, అతుకుల సంగతీ అడగలేదు.

"అనుకోకుండా కాదు సార్" అన్నాడు. "దినామూ చూస్తాండా. నెల దినాల్నుంచి దినామూ చూస్తాండా."

"నాకు తెల్వదా ఓబులేసూ? నాకు ఎర్కే" అన్నాడు అతీఖ్. గొంతులో కోపం లేదు. "నువ్వు చూస్తున్నవని రాస్తె, క్లీనరుకు హైడ్రోజన్ తాన ఏం పని అంటరు. రేపు నీకు విమానం టికెట్టే. కంపెనీ ఖలాస్. కార్డుల ఏమున్నదో గదే రాయాలె గదా భాయ్."

అతీఖ్ అన్న ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఓబులేసుకు మండింది కూడా అందుకే. అబద్ధమైతే ఎదురు చెప్పొచ్చు. అతను తెలుగులో తన పేరు రాశాడు. పదకొండేళ్ళలో తన పని గురించి ఒక కాగితం మీద సంతకం పెట్టడం అదే మొదటిసారి.

సాయంత్రానికి ఆ ఫోటో పేపరువాళ్ళ సైటులో పడి అందరి ఫోన్లకూ పాకింది. గంగాధర మురిసిపోయి ఊరివాళ్ళ గ్రూపులో పెట్టేశాడు. రాత్రి వంటయ్యేలోపు చంద్రిక దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అమ్మ వెంకటేశ్వరి పక్కనే ఉంది, ఫోటో చూసి దిష్టి తగులుతుందని మిరపకాయలు తిప్పిందట. ముందు చెయ్యి కాలిందేమోనని అడిగారు. ఆ తర్వాత చంద్రిక ఆగి, ఫోటో కింద ఇంగ్లీషులో రాసిన దాని గురించి అడిగింది.

"నాయినా, క్లీనరని రాసినారే. నీది మెకానిక్కు పని గదా?"

"పొద్దున చేతిలో పొరక ఉండె గదమ్మా" అన్నాడు ఓబులేసు. "దాన్ని జూసి రాసినారు."

అవునా అంది చంద్రిక. ఇంకేం అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేదనిపించింది అతనికి. గంగాధర రొట్టెలు కాలుస్తున్నవాడు వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రాత్రి ఎగతాళి కూడా చేయలేదు.

గురువారం పొద్దున ఓబులేసు ఫైలు సంగతి కనుక్కోవడానికి మందూబ్ గదికి వెళ్ళాడు. మందూబ్ సొరుగులోంచి నీలం ఫోటోలు నాలుగూ తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు ఫైలు పెట్టడం కుదరదన్నాడు. ఫైరు ఆఫీసులో ఒక కాగితం ఉంది, కార్మికశాఖలో ఒక కాగితం ఉంది, పేపర్లో ఫోటో ఉంది. బుధవారం ఊడుస్తూ ఉన్నవాడు గురువారం టెక్నీషియనెలా అయ్యాడని ఎవరైనా అడుగుతారు. ఒకటి రెండేళ్ళు పోనీ, అందరూ మరచిపోనీ అన్నాడు. ఫోటోలు పాడవుతాయి, నీ దగ్గరే ఉంచుకో అని కూడా అన్నాడు, మంచి మనసుతోనే.

ఓబులేసు నాలుగు ఫోటోలూ జేబులో పెట్టుకున్నాడు. మంటను చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన మెట్లు దిగుతుంటే వచ్చింది. చివర నిలబడ్డ పిల్లవాడి భుజం గుర్తొచ్చింది. ఆ ఆలోచన తనకు వచ్చినందుకే మనసంతా చేదైంది, తన మీద కాదు, ఆ ఆలోచన రప్పించినవాళ్ళ మీద.

*

ఆదివారం యంత్రాన్ని మళ్ళీ నడపడానికి అనుమతి వచ్చింది. అర్హత ఉన్న టెక్నీషియన్ ఎదుట మాత్రమే నడపాలని షరతు. కంపెనీ డీజిల్ విభాగం నుంచి సాయిబాబును పంపింది. ఇరవయ్యారేళ్ళవాడు, అమలాపురం దగ్గరి కుర్రాడు, డిప్లొమా ఉంది, ఇఖామాలో టెక్నీషియన్ అని ఉంది. హైడ్రోజన్ సిలిండరును దగ్గర్నుంచి చూడ్డం అదే మొదలు. ఇతనికి అంతా నేర్పించమని అతీఖ్ ఓబులేసుకు చెప్పాడు. చెప్పేటప్పుడు ఫోన్ చూసుకుంటూ చెప్పాడు.

సాయిబాబు మంచివాడు. అదే ఇబ్బందైంది. ఇంకాస్త పొగరుగా ఉంటే ఓబులేసుకు తేలికయ్యేది. బాబాయ్ బాబాయ్ అంటూ వెంట తిరుగుతూ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఓబులేసు ఏదీ దాచలేదు. చేత్తో తిప్పి గీత గీయడం చూపించాడు, ముప్పాతిక చుట్టు చూపించాడు, అతని చేత ఆరుసార్లు విప్పించి బిగింపజేశాడు. సబ్బునీళ్ళలో సబ్బెంత, నీళ్ళెంత, గాలి వీస్తుంటే బుడగ ఆరిపోకముందే ఎటునుంచి చూడాలి, అన్నీ చెప్పాడు. మీటర్ల నోరు ఎక్కడ నొక్కి ఉందో చూపించి, అతని చేతే తెరిపించాడు. ఊరికే కూసినా సరే, మూయమని ఎవరు చెప్పినా మూయొద్దన్నాడు. వెనక గొట్టం కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్ళు తేటగా ఉంటే పలకలు బాగున్నట్టని చెప్పాడు. కొత్త సిలిండర్లతో యంత్రాన్ని గంటసేపు నడిపి చూశారు. బకెట్టులో జానెడు నీళ్ళు చేరాయి.

పని అయ్యాక సాయిబాబు పుస్తకం జేబులో పెట్టుకుని, ఓబులేసు చంకలోని ప్లాస్టిక్ సంచి వైపు చెయ్యి చాపాడు.

"ఆ చీపురు కూడా ఇటిచ్చేయండి బాబాయ్. రేపట్నించి పొద్దున్నే నేనే తిరగాలి కదండీ."

ఓబులేసు ఇవ్వలేదు.

"స్పానరు నీదే, సీసా నీదే, పుస్తకం నీదే. ఇది మాత్రం ఇయ్యను నాయినా" అన్నాడు. "నా ఇఖామాలో రాసిండేది ఇదొక్కటే."

సాయిబాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ కోపం ఈ కుర్రాడి మీద ఎందుకు చూపించానా అనిపించింది ఓబులేసుకు. గల్ఫ్ రోడ్డు పక్కన ఖర్జూరపు మట్టలుంటాయి, రెండు తెచ్చుకుని నాలుగు రోజులు ఎండబెట్టుకో, కట్టడం సాయంత్రం గదికొస్తే చూపిస్తానన్నాడు. అంతవరకూ యంత్రాన్ని నడపొద్దని, అతీఖ్ అడిగితే నేనే చెప్పానని చెప్పమన్నాడు.

ఇంతలో కంటెయినరు తలుపు తెరుచుకుంది. లోపల గోడకు ఆనించి కొత్త చట్రంలో ప్రశంసాపత్రం ఉంది, ఓబులేసు పేరు మీద, ఈ ఏటి ఉత్తమ పారిశుద్ధ్య కార్మికుడని. సాయంత్రం దుకాణాలవాళ్ళ ముందు ఇస్తారట. అతీఖ్ గడప మీద నిలబడి, పదకొండేళ్ళ అలవాటు కొద్దీ, ఓబులేసూ ఐదో వాల్వు కొంచెం చూడు అని కేకేశాడు.

"అది టెక్నీషియన్ పని సార్" అన్నాడు ఓబులేసు.

గొంతు పెంచలేదు. అతీఖ్ నవ్వబోయి ఆగిపోయాడు.

ఓబులేసు సంచి రబ్బరు బ్యాండు తీసి మణికట్టుకు వేసుకున్నాడు. చీపురు బయటికి తీశాడు. కొస ఒకవైపు కాలి గుండ్రంగా అరిగి ఉంది, మిగతాది ఇంకా గలగలలాడేంత పొడిగానే ఉంది. తేమ పొట్లాలు రెండూ దులిపి చెత్తబుట్టలో వేశాడు. యంత్రం వెనక్కి వెళ్ళి, బకెట్టులోని తేట నీళ్ళలో చీపురును మొదలుదాకా ముంచాడు. ఎండుటాకు నీళ్ళు పీల్చుకుంటుంటే సన్నగా చప్పుడైంది. సాయిబాబు బాబాయ్ అని ఒకడుగు ముందుకు వేశాడు గానీ అడ్డుపడలేదు.

నీళ్ళు కారుతున్న చీపురుతో ఓబులేసు నడుం వంచాడు. అతీఖ్ కంటెయినరు మెట్ల దగ్గర మొదలుపెట్టి, బడిపిల్లలు నిలబడిన చోటు మీదుగా, సిలిండర్ల చట్రం దాకా ఊడ్చుకుంటూ వెళ్ళాడు. తడి ఈనెలకు ఇసుక అంటుకుంది. కట్టినప్పట్నుంచీ ఆ చీపురు నేలను తాకడం అదే మొదలు. ఓబులేసు తల ఎత్తకుండా, ఏ మూలా వదలకుండా, ఆ స్థలమంతా ఊడ్చాడు.